గుమ్మం దాటిన జట్లు

ఒకే పనిని వేర్వేరు దేశాల్లో కూర్చుని కలిసి చేయడం సాఫ్ట్‌వేర్ కంపెనీలతో మొదలైంది కాదు. 1970లో ఏర్పడిన ఎయిర్‌బస్ సంస్థ రెక్కలు బ్రిటన్‌లో, తోక భాగాలు స్పెయిన్‌లో, మిగతావి జర్మనీ, ఫ్రాన్సుల్లో చేయించి విమానాలు కడుతూ వచ్చింది. అంత అనుభవమున్న సంస్థే ఏ380 విమానం దగ్గర బోల్తా పడింది. ఒక్కో ఏ380లో 500 కిలోమీటర్లకు పైగా వైర్లుంటాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో అమర్చిన వైర్ల కట్టలు ఫ్రాన్సులోని టులూజ్‌కు వచ్చాక చూస్తే చాలాచోట్ల పొడవు చాలలేదు. జర్మనీ, స్పెయిన్ ఇంజనీర్లు కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగో వెర్షన్ వాడుతున్నారు. ఫ్రాన్స్, బ్రిటన్ వాళ్లు ఐదుకు మారిపోయారు. రెండింటి మధ్య లెక్కలు కుదరలేదు. 2006 జూన్‌లో ఆలస్యం ప్రకటించగానే మాతృసంస్థ ఈఏడీఎస్ షేరు ఒక్కరోజులో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు అందేసరికి 2007 అక్టోబరు వచ్చింది.

ఇంజనీర్లకు పని రాక జరిగిన తప్పు కాదిది. ఒకే అంతస్తులో ఉండి ఉంటే ఎవరో ఒకరు పక్కవాడి స్క్రీన్ చూసి అడిగేవారు. ఎంఐటీ ఆచార్యుడు థామస్ అలెన్ 1970లలో ఇంజనీర్ల మీద అధ్యయనం చేసి, బల్లల మధ్య దూరం కొన్ని పదుల మీటర్లు దాటితే చాలు, మాటలు బాగా తగ్గిపోతాయని తేల్చాడు. అంటే దూరం అనే సమస్య సముద్రాలు దాటక ముందే మొదలవుతుంది. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌకను పోగొట్టుకున్నది అమెరికాలోనే ఉన్న రెండు బృందాలు వేర్వేరు కొలమానాలు వాడినందువల్ల.

అందుకే దూరపు జట్టులో మేనేజర్‌కు మొదటి పని, వరండాలో వాటంతటవే తెలిసిపోయే సంగతుల్ని రాయించడం. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టింది 1998లో. ఇక్కడికీ, ఆ కంపెనీ ప్రధాన కార్యాలయమున్న సియాటిల్ ప్రాంతానికీ ఎండాకాలంలో పన్నెండున్నర గంటల తేడా. ఇలాంటి రెండు ఊళ్ల మధ్య సాయంత్రం వెళ్తూ ‘‘దాదాపు అయిపోయింది, చూడండి’’ అని మెయిల్ పెడితే, అవతలివాళ్లు తెరిచేసరికి ఇక్కడివాళ్లు నిద్రలో ఉంటారు. వాళ్లకొచ్చిన ఒక్క సందేహానికి ఒక రోజు పోతుంది. ‘‘లాగిన్ పేజీ మార్పు పెట్టాం. మూడు టెస్టుల్లో రెండు పాసయ్యాయి. మూడోది డేటాబేస్ పర్మిషన్ లేక ఆగింది. అది మీరు ఇస్తే రేపు పొద్దున్నే మొదలెడతాం’’ అని రాస్తే ఆ రోజు మిగులుతుంది. రాయడానికి పట్టేది ఐదు నిమిషాలు.

వేళల విషయంలో ఇంకో చిక్కుంది. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతుంది, యూరప్ అదే నెల చివరి ఆదివారం. భారత్ జరపదు. ఆ మధ్య వారాల్లో మూడుచోట్లా మీటింగులు తలకిందులవుతాయి. అంతకంటే పెద్దది న్యాయం సంగతి. ఏడాది పొడవునా రాత్రి పదింటి కాల్ ఒకే ఊరి నెత్తిన పడితే, ఆ ఊరివాళ్లు క్రమంగా మాట్లాడడం మానేస్తారు. నెలకోసారి వేళ మారిస్తే చాలు, కానీ ప్రధాన కార్యాలయాలు ఈ చిన్న త్యాగానికి కూడా ఓ పట్టాన ఒప్పుకోవు.

ఇక సంస్కృతి. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967-73 మధ్య ఐబీఎం ఉద్యోగుల సర్వేల ఆధారంగా, పైఅధికారికీ కిందివారికీ మధ్య అంతరాన్ని జనం ఎంత సహజంగా తీసుకుంటారో లెక్కగట్టాడు. భారత్‌కు 77, అమెరికాకు 40, డెన్మార్క్‌కు 18 వచ్చాయి. ఒకే కంపెనీ సర్వే ఇది, పైగా సగటు. ఈ అంకె పట్టుకుని ఎదుటి మనిషిని అంచనా వేస్తే తప్పులో కాలేసినట్టే. అయినా ఒక మెలకువ నేర్పుతుంది. ‘‘శుక్రవారానికి అవుతుందా?’’ అని డెన్మార్క్ మేనేజర్ అందరి ముందూ అడిగితే, హైదరాబాద్ కుర్రాడు కాదనడానికి మొహమాటపడతాడు. ‘‘శుక్రవారానికి కాకుండా అడ్డుపడేవి ఏమేమున్నాయి?’’ అని అడిగితే అవే కష్టాలు ఏకరువు పెడతాడు. అవతలివైపు, డెన్మార్క్ వాళ్లు పని మీద సూటిగా చెప్పే లోపాన్ని ఇక్కడివాళ్లు తిట్టుగా తీసుకోనక్కర్లేదు. ఈ రెండు సంగతులూ జట్టు కట్టిన మొదటి వారంలోనే బాహాటంగా మాట్లాడుకోవడం మేలు.

అందుకు మొదట్లో ఒక్కసారైనా అందరినీ ఒకచోట కూర్చోబెట్టాలి. ఖర్చు తగ్గించమనగానే కంపెనీలు ముందు కొట్టేసేది ఈ ప్రయాణాలనే, అది తెలివితక్కువ పొదుపు. ఆ తర్వాత రోజువారీ నియమం ఒకటి కావాలి. కాల్ ముగిశాక ప్రధాన కార్యాలయంలో కాఫీ తాగుతూ మార్చిన నిర్ణయమైనా సరే, ఆ రోజే రాతపూర్వకంగా అందరికీ చేరాలి. చేరనిచోట దూరాన ఉన్నవాళ్లు జట్టు సభ్యులు కారు, చెప్పింది చేసే కాంట్రాక్టు మనుషులవుతారు.