పాత కారుకి బ్రేకులు బిగిస్తుంటే...

మీ ఇంట్లో పాత అంబాసిడర్ ఉందా? 2014లో వాటి తయారీ ఆగిపోయినా, మామగారి గుర్తుగానో, మోజు కొద్దీనో ఇంకా ఉంచుకున్నవాళ్లు ఉన్నారు. ఆదివారం పూట మగవాళ్లు చక్రాలు విప్పుకుని కూర్చుంటే మనకెందుకులే అనుకోకండి. అందులో తిరిగేది మనమూ, మన పిల్లలూ కదా!

పాత మోడళ్లలో నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని బ్రేక్ ఆయిల్ సన్నటి గొట్టాల్లోంచి వెళ్లి, చక్రాల దగ్గరుండే చిన్న సిలిండర్లని పనిచేయిస్తుంది. అవి బ్రేకు షూలని డ్రమ్ముకి ఒత్తుతాయి. ఈ సిలిండర్లలో రబ్బరు కప్పులుంటాయి. మన కుక్కర్ గాస్కెట్ లాంటివే అనుకోండి. బండి ఏళ్ల తరబడి కదలకపోతే అవి గట్టిపడి ఆయిల్ కారుతుంది. కాబట్టి విప్పాక పాత రబ్బర్లే మళ్లీ పెట్టనివ్వకండి, కొత్త కిట్ తెప్పించండి. సిలిండర్ లోపల తుప్పు తిని గుంటలు పడితే మాత్రం కొత్త రబ్బరూ నిలవదు, సిలిండరే మార్చాలి.

ముఖ్యమైన సంగతి ఇంకోటి. మన మెకానిక్కులకి ఏది కడగాలన్నా పెట్రోలో, కిరసనాయిలో కావాలి. బ్రేకు రబ్బర్లకి అవి తగిలాయా, ఉబ్బిపోతాయి. ఇంజనాయిలూ అంతే. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే తడిపి బిగించాలి. సీలు తీసి నెలల తరబడి అటక మీద పెట్టిన డబ్బా వద్దు. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు అదీ గాలిలో తేమ పీల్చుకుంటుంది. శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కాయంటే ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా కిందకి దిగిపోతుంది! అన్నట్టు, ఈ ఆయిల్ కారు మీద ఒలికితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడిగెయ్యండి. వంటింట్లో గరాటు, గిన్నెలు మాత్రం ఇవ్వకండి, అది విషం.

చివర్లో గాలి తియ్యాలి. పెడల్ తొక్కడానికి ఎలాగూ మిమ్మల్నే పిలుస్తారు. ‘తొక్కు’ అంటే తొక్కి, చక్రం దగ్గర నిపుల్ బిగించేదాకా కాలు తియ్యకండి. ముందే తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. నాలుగు చక్రాలూ అయ్యాక పెడల్ గట్టిగా ఆగాలి. స్పాంజిలా ఉంటే మొహమాటపడకుండా మళ్లీ తీయించండి. తొక్కి పట్టుకున్నా జారుతోందంటే ఎక్కడో లీకున్నట్టే.

డ్రమ్ముల్లో దుమ్ము ఎవర్నీ నోటితో ఊదనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు, ఊపిరితిత్తులకి చేటు. తడిగుడ్డతో తుడవాలి. ఆ మురికి బట్టలు పిల్లల బట్టలతో కలిపి నానబెట్టకండి.

మొదటిసారి బండి తీసేటప్పుడు పిల్లల్ని ఎక్కించుకోకుండా, ఖాళీ వీధిలో మెల్లగా నాలుగైదుసార్లు ఆపి చూడమనండి. ఆపినప్పుడు ఒక పక్కకి లాగుతోందంటే మళ్లీ చక్రాలు విప్పాల్సిందే.