కొండబాట, సైకిలు, ఊరిమాట

సైకిలు అనగానే మన అద్దంకి సీమవారి కన్నులకు కట్టునది పని. తెల్లవారుజామున పాలక్యానులు వ్రేలాడదీసికొని పోవు పాలవాడు, ఎండనక వాననక ఉత్తరములు పంచిపెట్టిన తపాలా జవాను, మిరపచేనికి అన్నపు క్యారియరు తీసికొనిపోవు పాలేరు, వీరందరి వాహనము అది. గంటకింతయని అద్దెకు తెచ్చుకొని, సీటుమీద కూర్చున్న కాలందక, అడ్డకడ్డీ క్రిందినుండి కాలు దూర్చి త్రొక్కిన బాల్యము మనలో ఎందరికో కలదు. అట్టి సైకిలు తీసికొని, ఏ పనియు లేక, కొండయెక్కి దిగుట యను వినోదమొకటి లోకమున కలదని చెప్పినచో మనవారిలో పలువురు నవ్వుదురు. ఆ వినోదమునకై ఊరికొండపై ప్రత్యేకముగ బాట వేయుదుమని ఎవరైన వచ్చినచో ఆ నవ్వు కోపముగ మారుటయు సహజమే.

ఈ కోపము మన ప్రాంతమునకే ప్రత్యేకము కాదు. ఆ సైకిలు పుట్టిన చోటనే దానికి మొదటి ప్రతిఘటన ఎదురయ్యెను. ఆ ప్రతిఘటనలో న్యాయమెంత, అపోహ యెంత అని విడదీసి చూచుట నేటి మా ఉద్దేశము. పర్యాటకము పేరిట కొండలపై కన్నుపడుచున్న ఈ రోజులలో అట్టి ప్రశ్న ఏ ఊరి రచ్చబండపైకైన రావచ్చును. వచ్చినపుడు తడుముకొనుటకంటె ముందుగ ఆలోచించి యుండుట మేలు.

అపోహ పేరులోనే మొదలగుచున్నది. ఆంగ్లమున ఈ వాహనమును మౌంటెన్ బైకు అందురు. మన ఊళ్లలో బైకు అనగా మోటారుసైకిలు. కావున బైకుల బాట యని విన్న రైతునకు తోచునది పెట్రోలు పొగ, చెవులు చిల్లులుపడు మోత, గుడిప్రక్కగా దూసికొనిపోవు కుర్రకారు. నిజమునకు ఇది కాలితో త్రొక్కు సైకిలే. లావైన గళ్ల టైర్లు, వెడల్పాటి హ్యాండిలు, గట్టి బ్రేకులు, ఎక్కుడునకు అనువగు గేర్లు, ఇంతే భేదము. విద్యుత్తు మోటారు సాయముగల రకములును ఇటీవల వచ్చినవి గాని వాని సంగతి వేరు. ఇచ్చట మేము చెప్పునది మోటారు లేని కొండ సైకిలును గూర్చియే.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగ మారిన్ అను ప్రాంతము కలదు. అచ్చట టామల్పయిస్ అను కొండ ఉన్నది. 1970 దశకమున ఆ ప్రాంతపు యువకులు కొందరు పాత సామానుల అంగళ్లలో పడియున్న లావుటైర్ల సైకిళ్లను బాగుచేసి, ఆ కొండ వాలులపై దిగసాగిరి. 1976లో వారొక పందెమును ఆరంభించిరి. దానికి రీప్యాక్ అని పేరు. దిగునపుడు వెనుకచక్రపు బ్రేకులోని గ్రీసు ఆ వేడికి మాడి పొగయై పోయెడిది. దిగిన తరువాత మరల క్రొత్త గ్రీసు కూర్చవలసి వచ్చెడిది. ఆ పనినిబట్టియే పందెమునకు ఆ పేరు వచ్చెను. 1977లో జో బ్రీజ్ అను నాతడు ఈ పనికే తగిన చట్రమును ప్రత్యేకముగ తయారుచేసెను. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనువారు ఇట్టి సైకిళ్లను అమ్ము సంస్థను నెలకొల్పిరి. 1996లో అట్లాంటా నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో కొండ సైకిలు పందెమునకు మొదటిసారి చోటు లభించెను. ఇరువది యేండ్లలో పాతసామాను ఒలింపిక్ వేదిక నెక్కినది.

ఇంతలో ఆ కొండపై తగవు ముదిరెను. అచ్చట ఎంతోకాలముగ నడచువారును, గుర్రపు రౌతులును తిరుగుచుండిరి. మలుపు చాటునుండి చప్పుడు లేక వచ్చిపడు సైకిలును చూచి గుర్రములు బెదరెను, వృద్ధులు ఉలికిపడిరి. ఫలితముగ సన్నని కాలిబాటలను సైకిళ్లకు మూసివేసిరి. వెడల్పు బాటలపై గంటకు 15 మైళ్ల వేగపరిమితి పెట్టిరి. 1984లో అమెరికా అటవీశాఖ, చట్టప్రకారము సహజస్థితిలో కాపాడబడు అరణ్యములలో సైకిళ్లను పూర్తిగ నిషేధించెను. అప్పుడు సైకిలు సంఘములవారికి కనువిప్పు కలిగెను. 1988లో కాలిఫోర్నియాలోని కొన్ని సంఘములు ఏకమై అంతర్జాతీయ సంఘమొకటి ఏర్పరచుకొని, తమవారికి మర్యాదలు నేర్పుటయు, బాటలను స్వయముగ బాగుచేయుటయు పనిగ పెట్టుకొనెను.

ఈ తగవులో ఇరుపక్షముల మనస్సులలోను ఒక్కొక్క బొమ్మ ఉండెను. నడచువారి దృష్టిలో సైకిలువాడు ఎవరినీ లెక్కచేయని పొగరుబోతు. సైకిలువాని దృష్టిలో నడచువాడు కొండను తన తాతసొమ్ముగ భావించు ముసలి చాదస్తుడు. బొమ్మతో వాదించుట తేలిక, మనిషితో మాటలాడుట కష్టము. అందుచేత చాలకాలము బొమ్మలే పోట్లాడుకొనినవి. మన ప్రాంతమున ఇదే తగవు వచ్చినచో బొమ్మలు కొంచెము మారును. ఊరివారికి సైకిలువాడు డబ్బుచేసి తోచుబాటుకాని పట్నవాసపు కుర్రవాడుగ కనిపించును. బాట వేయవచ్చినవారికి ఊరివారు అభివృద్ధి తెలియని పల్లెటూరివారుగ కనిపింతురు. రెండవ బొమ్మయు మొదటిదానివలెనే తప్పు. అయినను దానిని గూర్చి తక్కువగ చెప్పుకొనుట పరిపాటి.

బొమ్మలను ప్రక్కకు త్రోసిన పిమ్మట మిగులు అభ్యంతరములు మూడు. సైకిళ్లు నేలను కోసివేయునా అన్నది మొదటిది. దారిన పోవువారికి దెబ్బలు తగులునా అన్నది రెండవది. కొండ ఎవరిది అన్నది మూడవది. మూడును అడుగదగిన ప్రశ్నలే.

మొదటి ప్రశ్నకు శాస్త్రజ్ఞులు కొలతలు తీసి సమాధానము చెప్పిరి. 1994లో అమెరికాలోని మోంటానా రాష్ట్రమున విల్సన్, సేనీ అను పరిశోధకులు నడకయు, గుర్రములును, సైకిళ్లును, మోటారుసైకిళ్లును బాటలపై కలిగించు మార్పును పోల్చి ప్రకటించిరి. మట్టిని ఎక్కువగ కదిలించినవి గుర్రములు. సైకిలు మనిషి పాదమునకంటె ఎక్కువ మట్టిని కదిలింపలేదు. 2001లో కెనడాలోని ఒంటారియోలో థర్స్టన్, రీడర్ అనువారు అడవినేలపై నడకను, సైకిలును సమానముగ పరీక్షించి, మొక్కలకును నేలకును కలిగిన నష్టములో చెప్పుకోదగిన భేదము లేదనిరి. అంతమాత్రమున సైకిలు నిర్దోషి యని తేల్చుట తగదు. తడినేలపై బ్రేకుపట్టి జారిన చక్రము గాడి తీయును. ఆ గాడిలో వాననీరు చేరినచో అది వాగగును. పైగా ఒక పూటలో సైకిలు తిరుగు దూరము పాదచారి తిరుగు దూరమునకంటె ఎక్కువ. కావున అసలు శత్రువు చక్రము కాదు, నీరు. బాటలు వేయుటలో ఆరితేరినవారు పాటించు సూత్రములు దీనినుండియే పుట్టినవి. బాట వాలుకు ఎదురుగ నిలువున దిగరాదు, కొండ నడుమును చుట్టి పోవలెను. బాట ఎక్కుడు కొండవాలులో సగమును మించరాదు. మొత్తముమీద నూరడుగుల దూరమునకు పదియడుగుల ఎత్తు మించకుండుట మంచిది. బాట పల్లపు వైపునకు ఇంచుక వాలియున్నచో నీరు నిలువక జారిపోవును. చెరువుకట్ట తెగు విధము నెరిగిన మన రైతులకు ఇది వేరుగ నేర్పవలసిన శాస్త్రము కాదు.

రెండవ ప్రశ్నకు ఇంగ్లండు ఒక దారి చూపినది. 1968 నాటి గ్రామీణప్రాంత చట్టము ద్వారా అచ్చట గుర్రపుబాటలపై సైకిలు త్రొక్కు హక్కు లభించెను. హక్కుతోపాటు ఆ చట్టము ఒక విధిని కూడ ముడివేసెను. సైకిలువాడు పాదచారికిని రౌతునకును దారి విడువవలెను. ఎవరు బలవంతుడో, ఎవరు ముందు వచ్చెనో అన్న తర్కమునకు చోటులేదు. వేగముగ పోవువాడే ఆగవలెను. ఈ ఒక్క నియమము ముందుగ తెలిసినచో మలుపులో ఎదురుపడిన ఇద్దరిలో వివాదము పుట్టదు. దీనికి తోడు గుడ్డిమలుపులు లేకుండ బాట తీయుట, దిగువారికి ఎక్కువారికి వేరువేరు దారులుంచుట, గంట తప్పనిసరి చేయుట, చీకటిపడిన పిదప బాట మూయుట వంటివి చేయవచ్చును.

మూడవ ప్రశ్న కష్టమైనది. మన పత్తి మిరప నేలల నడుమ కొండలు అరుదు. అద్దంకి దగ్గర శింగరకొండ, దాని పాదమున భవనాశి చెరువు. కొంచెము దూరమున కొండవీటి కొండల వరుస. అరుదైనది గనుకనే కొండ ఒక్కరిది కాదు. గొర్రెలకాపరికి అది మేత. వంటచెరకు ఏరుకొను ఆమెకు అది పొయ్యి. భక్తునకు అది దేవుని కొండ. చుట్టు పొలములవారికి వాననీరు వచ్చు దిక్కు. ఇన్ని చేతులు పట్టుకొనియున్న కొంగును లాగునపుడు ఎవరికి చిరుగునో చూడవలెను. మేత మేసి తిరిగివచ్చు మందకు సన్నబాటలో సైకిలు ఎదురుపడెననుకొందము. బెదిరిన గొర్రె లోయలో పడినచో నష్టము ఎవరు భరింతురు? ఈ ప్రశ్న వేసిన కాపరిని అభివృద్ధి విరోధి యనుట అన్యాయము. అతడు అడిగినది లెక్క. లెక్కకు లెక్కయే సమాధానము. అదియు బాటకు పలుగు పడకముందే చెప్పవలెను.

చట్టమును ఇట్లే చెప్పుచున్నది. కొండ అటవీశాఖ భూమియైనచో 1980 నాటి అటవీ సంరక్షణ చట్టమునకు లోబడవలెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము, మేత, అటవీ ఫలసాయము వంటి హక్కుల విచారణను గ్రామసభతో ఆరంభింపవలెనని చెప్పినది. గ్రామసభ యనగా సంతకముల కాగితము కాదు. పటము పరచి, బాట ఎచ్చట పోవునో వ్రేలితో చూపి, ఆ దారిన తరతరములుగ నడచినవారిని ముందుగ మాట్లాడనిచ్చుట. సర్కారు తుమ్మ ముండ్లు ఎచ్చట ఎక్కువయో, ఏ వాగు ఏ నెలలో పొంగునో కాపరికి తెలిసినంతగ పట్నపు ఇంజనీరునకు తెలియదు. అడిగినచో వ్యతిరేకి యనుకొన్నవాడే బాటకు మార్గదర్శి కావచ్చును.

సైకిలుపై ఏర్పడిన బొమ్మ చెరగిపోవుట మనకు పొరుగుననే జరిగినది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమములో భాగముగ స్త్రీలు సైకిలు నేర్చుకొనసాగిరి. ఆడుది సైకిలెక్కుటయా యని దారిలో వెక్కిరింపులు వినవచ్చెను. వెక్కిరింపులకు వెరువక వేలాది పల్లెపడుచులు నేర్చుకొనిరి. నీళ్లబిందెలు, కూరగాయలు, పిల్లలు సైకిళ్లపై తరలసాగిన పిమ్మట పరిహాసము క్రమముగ సద్దుమణిగెను. ఉపన్యాసములకంటె ఎక్కువగ, కన్నులయెదుట కనిపించిన ప్రయోజనము మనస్సులను మార్చినది. కొండబాట కోరువారికి ఇందొక పాఠము కలదు. ఆ బాట పట్నపువారి ఆదివారమునకు మాత్రమే గాక, ఊరి పిల్లవాడు తన పాత సైకిలుతో వచ్చినను తెరచియుండవలెను. సైకిలు బాగుచేయు అంగడి, టీకొట్టు, బాట కాపలాదారు ఉద్యోగము ఆ ఊరికే దక్కవలెను. అట్లు కానిచో ఊరివారి అనుమానము అపోహ కాదు, అనుభవమే యగును.

అద్దంకి నేలకు కొండబాటలు క్రొత్త కావు. పదునాల్గవ శతాబ్దమున ఇచ్చట రాజధాని నెలకొల్పిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించిన దాతగ పేరొందెను. ఆ మెట్లను జనులు మెచ్చుకొనుటకు కారణము స్పష్టమే. ముసలివాడైనను, మూటమోయువాడైనను వానిని ఎక్కవచ్చును. రేపు ఏ కొండపైనైన సైకిలుబాట ప్రతిపాదన వచ్చినపుడు, వలదని ముందే అనుటయు వలదు, వలయునని ముందే అనుటయు వలదు. నీరు ఎటు పోవును, మంద ఎటు పోవును, ఎదురుపడినపుడు ఎవరు ఆగుదురు, ఆదాయము ఎవరికి చేరును అని ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు. సూటియైన సమాధానము వచ్చినచో ఒప్పుకొనుటకును, రానిచో కాదనుటకును ఊరికి సమానమైన హక్కు కలదు.