బేస్ గిటారుకు కొత్త పికప్: మార్చే ముందూ, మార్చేటప్పుడూ

పందిరి వేసినప్పుడు అందరూ మామిడి తోరణాలు చూస్తారు గాని గుంజల్ని ఎవరూ చూడరు. వాద్యబృందంలో బేస్ గిటారు సంగతీ అంతే. అది మోగుతున్నంతసేపూ దాన్ని పట్టించుకున్నవాడు ఉండడు. ఆగిపోయిన మరుక్షణం పాటలో ఏదో వెలితి అని వెనక బెంచీ వాడికి కూడా తెలిసిపోతుంది.

మన యూనియన్ వాద్యబృందానికి ఉన్నది ఒకే ఒక్క బేస్ గిటారు. పూర్వ విద్యార్థులు ఇచ్చి వెళ్ళినది. వార్షికోత్సవానికి నెల రోజుల ముందు అది మూగబోయింది. యాంప్లిఫయరు పూర్తిగా పెంచితే ఎక్కడో దూరాన దోమ పాడినట్టు సన్నని చప్పుడు, అంతే. కొత్తది కొందామని కొందరూ, పికప్ మారిస్తే చాలని కొందరూ వాదించారు. ఖర్చు పెట్టవలసింది ప్రతి విద్యార్థీ కట్టిన రుసుములోంచి. అందులో ధాన్యం అమ్మి కట్టిన మా ఇంటి రూపాయలు కూడా ఉన్నాయి. అంచేత ఏది చేసినా తెలిసి చేయాలనిపించింది. భౌతికశాస్త్రం చదువుతున్నవాణ్ణి గనక ఆ పని నా మీద పడింది. అప్పుడు తెలుసుకున్నది పదిమందికీ పనికొస్తుందని ఈ వ్యాసం.

పికప్ అంటే ఏమిటి?

1831లో మైకేల్ ఫారడే కనుక్కున్న సూత్రమే పికప్‌కు ఆధారం. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. పికప్‌లో చిన్న అయస్కాంతాలుంటాయి. వాటి చుట్టూ ఎనామిల్ పూసిన రాగి వైరు వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైనున్న స్టీలు తంతి ఆ అయస్కాంతాల వల్ల తానూ కాస్త అయస్కాంతమవుతుంది. తంతిని మీటితే అభివాహం ఊగుతుంది, చుట్టలో అదే వేగంతో ఊగే వోల్టేజి పుడుతుంది. దాన్నే యాంప్లిఫయరు పెంచి స్పీకరుకు ఇస్తుంది. నైలాను తంతులు వేస్తే ఈ పికప్ పలకకపోవడానికి కారణం ఇదే.

పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మిత్రులకు ఇది కొత్తేమీ కాదు. మోటారు కాలిపోతే రివైండింగు షాపుకు మోసుకెళ్ళిన వాళ్ళమే కదా! మోటారులో కరెంటు ఇస్తే కదలిక వస్తుంది. పికప్‌లో కదలిక ఇస్తే కరెంటు వస్తుంది. అక్కడి వైరు కంటికి ఆనుతుంది, ఇక్కడిది సుమారు 0.06 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుకంత. ఇంత సన్నని వైరు తెగడం ఎంత తేలికో వేరే చెప్పాలా?

గుయ్యిమనే రొద

తంతి కదలికనే కాదు, చుట్టుపక్కల వైర్లలో పోయే కరెంటును కూడా ఈ చుట్ట పట్టేస్తుంది. మన దేశంలో మెయిన్స్ కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు. బేస్ గిటారులో లావు తంతి 'ఇ' పౌనఃపున్యం సుమారు 41 హెర్ట్జులు, దాని పై తంతి 'ఎ' 55. అంటే రొద సరిగ్గా బేస్ స్వరాల మధ్యకే వచ్చి కూర్చుంటుంది. 'ఇ' తంతిని మూడో మెట్టు దగ్గర నొక్కితే వచ్చే 'జి' స్వరం 49 హెర్ట్జులు. రొదతో కలిసినప్పుడు సెకనుకొకసారి ఎగసి తగ్గే 'విస్పందనం' వినిపిస్తే ఆశ్చర్యం లేదు. ప్రయోగశాలలో రెండు శ్రుతిదండాలతో చేసేది ఇదే.

అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. మెట్లుండడం వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. 1957లో దాని పికప్‌ను రెండు ముక్కలు చేశారు. ఒకటి లావు తంతులు రెండింటికి, రెండోది సన్న తంతులు రెండింటికి. రెండు ముక్కల్లోనూ వైరు చుట్టుదిశ, అయస్కాంత ధ్రువం ఒకదానికొకటి ఎదురు. బయటి నుంచి వచ్చే రొద రెండింటిలో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది, తంతి ధ్వని మాత్రం మిగులుతుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌లో రెండు విడి పికప్‌లుంటాయి. ఇప్పుడు వచ్చే జాజ్ జతల్లో ఎక్కువ వాటికి ఇదే ఏర్పాటు ఉంటుంది గనక రెండూ సమానంగా పెంచినప్పుడు రొద తగ్గుతుంది, ఒకదాన్ని తగ్గిస్తే మళ్ళీ మొదలవుతుంది. మన కాలేజీ గిటారు ప్రెసిషన్ నమూనాలో చేసినది.

మార్చే ముందు

బావి మోటారు నీళ్ళెత్తకపోతే ముందు ఫుట్‌వాల్వు చూస్తాం గాని మోటారు ఊడదీయం. ఇక్కడా అంతే. చవకైన కారణాలు ముందు, ఖరీదైనవి తరవాత. మొదట కార్డు మార్చి చూడాలి. తరవాత వేరే గిటారుతో యాంప్లిఫయరును పరీక్షించాలి. ధ్వని మొద్దుగా ఉందని మాత్రమే ఫిర్యాదయితే తంతులు ఎన్నాళ్ళవో అడగాలి. చెమట, తుప్పు పట్టిన తంతులకు పికప్ ఏం చేస్తుంది? నాబ్ తిప్పితే బరబరమంటే తప్పు వాల్యూమ్ కంట్రోలుది. కార్డు కదిపితే వచ్చి పోతుంటే జాక్‌ది.

ఆ పైన మల్టీమీటరు తీయండి. గిటారు విప్పనక్కర లేదు. వాల్యూమ్ పూర్తిగా పెంచి, గిటారుకు కార్డు తగిలించి, దాని రెండో కొన దగ్గర నిరోధం కొలవండి. మామూలు ప్రెసిషన్ పికప్ బాగుంటే పది కిలో ఓములకు అటూ ఇటూ వస్తుంది. సున్నా వస్తే కార్డులోనో జాక్‌లోనో రెండు వైర్లు తాకుతున్నాయి. 250 కిలో ఓముల దగ్గర ఆగితే పికప్ తెగిందన్న మాట. మీటరుకు కనిపించేది వాల్యూమ్ కంట్రోలు నిరోధమే.

మన గిటారు 240 దాకా చూపించింది. పలక విప్పి పికప్ ముక్కలు రెండూ విడివిడిగా కొలిచాను. సన్న తంతుల వైపుది 5.2 కిలో ఓములు, లావు తంతుల వైపుది మీటరుకు అందలేదు. వైరు మొదలు దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంది. రెండు ముక్కలూ వరుసలో కలిపి ఉంటాయి గనక ఒకటి తెగితే రెండూ మూగే. గిటారు మెడ వంగలేదు, మెట్లు అరగలేదు. కొత్త గిటారు అక్కర లేదని కమిటీకి ధైర్యంగా చెప్పగలిగాను.

ఏది ఎంచుకోవాలి?

మొదటిది కొలత. చెక్కలో గుంటకు సరిపోనిది ఎంత గొప్పదైనా మనకు దండగ. ప్రెసిషన్ రకానికి చాలామంది తయారీదారులు ఒకే కొలత పాటిస్తారు. జాజ్ రకంలో బ్రిడ్జి వైపు పికప్, మెడ వైపుదానికంటే సుమారు మూడు మిల్లీమీటర్లు పొడవుండడం వాడుక. అది చూసుకోకుండా ఒకే రకం రెండు తెస్తే చెక్క చెక్కవలసి వస్తుంది.

రెండోది, బ్యాటరీ లేనిదా, ఉన్నదా అన్నది. ఉన్నదాంట్లో లోపలే చిన్న యాంప్లిఫయరు ఉంటుంది. రొద తక్కువ, ధ్వని బలం ఎక్కువ. కాని కంట్రోళ్ళూ జాకూ కూడా మార్చాలి, 9 వోల్టుల బ్యాటరీకి చోటు కావాలి. కాలేజీ గిటారు పది చేతులు మారుతుంది. కార్డు పీకకుండా పడేసిన రోజున బ్యాటరీ అయిపోతుంది. మేము బ్యాటరీ లేనిదే ఎంచుకున్నాం.

మూడోది, అంకెల మోజు. "ఎక్కువ కిలో ఓములుంటే ఎక్కువ పవరు" అని దుకాణాల్లో అంటారు. చుట్లు పెరిగితే వోల్టేజి పెరిగే మాట నిజమే. దాంతోపాటు ఇండక్టెన్సు కూడా పెరిగి పై స్వరాల మెరుపు తగ్గుతుంది. వైరు ఇంకా సన్నదైతే చుట్లు పెరగకుండానే ఓములు పెరుగుతాయి. అదీగాక రాగి నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. చలికాలం ఉదయం పది చూపిన పికప్ మే నెల మధ్యాహ్నం పదిన్నర దాటుతుంది. అంచేత మామూలు పాటలకు మామూలు అంకె ఉన్నదే మేలు. అల్నికో అయస్కాంతమా, సిరామిక్కా అన్నది ఆ తరవాతి మాట. వీలైతే రెండూ విని తేల్చుకోవాలి.

బిగించే పద్ధతి

కార్డు పీకేయండి. తంతులు వదులు చేసి పక్కకు తప్పించండి. గిటారు మీద పాత గుడ్డ పరవండి. సాల్డరు చుక్క పడితే పాలిష్ పోతుంది. పలక మరలు తీసి మెల్లగా ఎత్తండి, కింద వైర్లు అంటుకుని ఉంటాయి. ఏ వైరు ఎక్కడ ఉందో ఫోటో తీయండి, కాగితం మీద బొమ్మ కూడా వేసుకోండి. ప్రెసిషన్ పికప్ నుంచి రెండే వైర్లు వస్తాయి. ఒకటి వాల్యూమ్ కంట్రోలు చివరి కాలికి, రెండోది కంట్రోలు వీపుకు, అంటే గ్రౌండుకు. ఏ రంగు దేనికో తయారీదారును బట్టి మారుతుంది. పెట్టెలో వచ్చిన కాగితాన్ని నమ్మండి. బ్రిడ్జి కింది నుంచి వచ్చే గ్రౌండు వైరును మాత్రం కదపకండి.

సాల్డరింగ్ ఐరన్ బాగా కాలాక, వైరూ కాలూ రెండూ వేడెక్కేలా రెండు మూడు సెకన్లు ఆనించి, అప్పుడు సాల్డరు అందించాలి. అది నీళ్ళలా పారి మెరిస్తే అతుకు కుదిరినట్టు. బంతిలా ముద్దకట్టి నిలిస్తే కుదరనట్టు. పికప్ కింద పాత స్పాంజి కుంగిపోయి ఉంటే కొత్తది పెట్టండి. పలక మూయక ముందే మీటరుతో కొలిచి, యాంప్లిఫయరు తక్కువలో పెట్టి, స్క్రూడ్రైవరుతో అయస్కాంతాల్ని మెల్లగా తట్టండి. టక్కుమని వినిపిస్తే పని అయినట్టే.

తంతులు శ్రుతి చేశాక ఎత్తు సరిచూడాలి. తంతిని చివరి మెట్టు దగ్గర నొక్కి పట్టుకుంటే, పికప్‌కూ తంతికీ మధ్య ఎడం లావు తంతి వైపు సుమారు 2.8 మిల్లీమీటర్లు, సన్న తంతి వైపు సుమారు 2 మిల్లీమీటర్లు ఉండాలి. ఇంకా దగ్గరికి తెస్తే ధ్వని పెరుగుతుంది గాని అయస్కాంతం తంతిని లాగి శ్రుతిని చెడగొడుతుంది.

ఒక హెచ్చరిక. గిటారు తంతులు గ్రౌండు ద్వారా యాంప్లిఫయరు ఎర్తుకు కలిసి ఉంటాయి. రొద పోతుందని మూడో పిన్ను తీసేసి నడిపేవాళ్ళున్నారు. యాంప్లిఫయరులో లోపం వస్తే ఆ కరెంటు పోయేది వాయించేవాడి చేతుల్లోంచే. స్టార్టరు డబ్బా ముట్టుకుని ఎగిరిపడ్డ రైతుల్ని చూసినవాణ్ణి గనక గట్టిగా చెబుతున్నాను. రొద ఉంటే కారణం వెతకండి, ఎర్తు మాత్రం తీయకండి.

మన గిటారు ఇప్పుడు 10.4 కిలో ఓములు చూపిస్తోంది, నాలుగు తంతులూ సమానంగా పలుకుతున్నాయి. అయిన ఖర్చు కొత్త గిటారు ధరలో ఆరో వంతుకు లోపే. బిల్లు యూనియన్ ఆఫీసులో ఉంది, ఎవరైనా చూడవచ్చు. పాత పికప్‌ను పారేయలేదు. లెక్చరరు గారి అనుమతితో ఫిజిక్స్ లాబు బీరువాలో పెట్టాం. బాగున్న సగాన్ని ఆసిలోస్కోపుకు కలిపి, పైన స్టీలు తంతి మీటి చూపిస్తే ఫారడే సూత్రం మొదటి సంవత్సరం వాళ్ళకు కంటికి కనిపిస్తుంది. తెగిన సగం కూడా పక్కనే ఉంది. తప్పు ఎక్కడుందో కొలిచి కనుక్కోవడం వాళ్ళు దాని మీద నేర్చుకోవచ్చు.