ఫైలు చెడిపోలేదు, తెరిచే ప్రోగ్రామే వేరు

ఎనిమిదో తరగతి పిల్లలు సాంఘిక శాస్త్రం ప్రాజెక్టు కోసం ఇంటి నుంచి బడికి వచ్చే దారిని ఫోన్‌లో రికార్డు చేశారు కదా. అప్పట్నుంచి ఒకటే ఫోన్లు: "ఫైలు తెరుచుకోవట్లేదు సార్, చెడిపోయినట్టుంది." కొందరు డిలీట్ కూడా చేసేశారు. పాపం, ఆ పిల్లలు మళ్ళీ మొదట్నుంచి రికార్డు చేయాలి.

ఫైళ్ళు బాగానే ఉన్నాయి. ఫోటోలు, వీడియోలు చూపించే ప్రోగ్రామ్ ప్రతి ఫోన్‌లో ముందే ఉంటుంది. జీపీఎస్ ఫైలు చూపించేది చాలా ఫోన్లలో ఉండదు, మనమే వేసుకోవాలి. తేడా అంతే.

ముందు ఫైలు పేరు చివర, చుక్క తర్వాత ఏముందో చూడండి. మన పిల్లలవి దాదాపు అన్నీ జీపీఎక్స్. 2002 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపల మామూలు అక్షరాలు, అంకెలే కనిపిస్తాయి: నడిచిన దారిలో ఒక్కో చోటుకు అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, టైము. ఊరికే చూడటానికి నోట్‌ప్యాడ్ చాలు. వర్డ్‌లో తెరిచి సేవ్ మాత్రం చేయకండి. ఫైలు నిజంగా చెడిపోయేది అప్పుడే.

ఒక అమ్మగారు అడిగారు: "మావాడు పొద్దున 8.45కి బయల్దేరాడు, ఇందులో 3.15 అని ఉందేంటి?" తప్పేం లేదమ్మా. జీపీఎక్స్‌లో టైము గ్రీనిచ్ లెక్కన ఉంటుంది. 5 గంటల 30 నిమిషాలు కలుపుకుంటే మన టైము వస్తుంది.

ఫోన్‌లో అయితే ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మాండ్ గానీ వేసుకోండి. మన ప్రాంతం మ్యాపు ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తాయి. గూగుల్ మ్యాప్స్ యాప్‌లో ప్రయత్నించి విసిగిపోకండి, అది జీపీఎక్స్ తెరవదు. కంప్యూటర్‌లో అయితే గూగుల్ ఎర్త్ ప్రో, ఉచితమే. ఓపెన్ నొక్కాక మీ ఫైలు కనిపించకపోతే, అక్కడే ఉన్న ఫైలు రకాన్ని జీపీఎస్ అని మార్చండి. పేరు చివర జీపీఎక్స్ తర్వాత ఎక్స్ఎమ్ఎల్ అని అదనంగా చేరి ఉంటే ఆ ముక్క తీసేయండి.

కేఎమ్ఎల్ అని ఉంటే అది గూగుల్ ఎర్త్ పద్ధతి, కేఎమ్‌జెడ్ దాని మూట కట్టిన రూపం. ఇందులో ఒక తిరకాసుంది. క్లాసులో మనం అక్షాంశం ముందు చెబుతాం, కేఎమ్ఎల్‌లో రేఖాంశం ముందు రాయాలి. మన హోసూరు 12.74, 77.83. చేత్తో ఎక్కించేటప్పుడు అదే వరుసలో రాశారో, మీ బడి నార్వేకి ఉత్తరాన స్వాల్‌బార్డ్ పక్కన మంచు సముద్రంలో తేలుతుంది! వాచీల్లోంచి వచ్చే ఫిట్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. జీపీఎస్‌బేబెల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో దాన్ని జీపీఎక్స్‌గా మార్చుకోవచ్చు.

ఇక అసలు సంగతి. నెట్‌లో వెతికితే "ఫైలు ఇక్కడ ఎక్కించండి, తెరిచి చూపిస్తాం" అనే సైట్లు బోలెడు వస్తాయి. ఎక్కించే ముందు ఆ ఫైలులో ఏముందో ఒక్కసారి ఆలోచించండి. మొదటి చుక్క మీ ఇంటి గుమ్మం. పక్కనే మీ పాప ఏ టైముకు బయల్దేరుతుందో, ఏ సందులోంచి వస్తుందో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో సెకన్లతో సహా ఉంది. ఫోటోలో మొహం కనిపిస్తే జాగ్రత్త పడతాం, ఇది ఉత్త అంకెలే కదా అని అందరికీ పంపేస్తున్నాం. పైన చెప్పిన యాప్‌లలో ఫైలు మీ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది, ఎక్కడికీ ఎక్కించక్కర్లేదు.

అందుకని పిల్లలూ, మళ్ళీ రికార్డు చేసేవాళ్ళు ఇంటి దగ్గర కాకుండా వీధి చివర మొదలుపెట్టండి. ఫైలుకు ఇంటిపేరు వద్దు, రోల్ నంబరు చాలు. క్లాసు గ్రూపులో పెట్టకండి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కంప్యూటర్ సార్‌కు ఇవ్వండి. ఇంట్లో తెరుచుకోనివి సార్ అక్కడే తెరిచి చూపిస్తారు, అమ్మానాన్నలు కూడా రావచ్చు.