వసంతంలో పెరడు: ఉంచదగ్గ కలుపు, తీయవలసిన మొక్క

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలో పెరటి పనులు రెండు కాలాలుగా సాగుతాయి. పండ్ల మొక్కలు, నీడనిచ్చే చెట్లు నాటడానికి జూన్‌లో నైరుతి వానలు మొదలయ్యాక అనువు. మాఘం నుంచి చైత్రం వరకు ఆనప, బీర, దోస పాదులు, బెండ, గోంగూర, తోటకూర మళ్ళు చూసుకోవాలి. వరి తరువాత వేసిన మినుము, పెసర నూర్పిళ్ళు కూడా ఈ రోజుల్లోనే అవుతాయి. ఆ పొట్టును, ఎండాకులను మొక్కల మొదట్లో రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే తడి త్వరగా ఆరిపోదు, కలుపూ తగ్గుతుంది. నీళ్ళు ఉదయమో సాయంత్రమో పోయాలి.

పాదులకు దూరంగా, ఖాళీ జాగాలో పెరిగే కలుపునంతా చెక్కేయనక్కర్లేదు. గడ్డిచామంతి మధ్య అమెరికా నుంచి వచ్చిన మొక్క. ఏడాది పొడవునా పూసి, మిగతా పూలు తక్కువగా ఉన్నప్పుడు కూడా తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ మకరందం ఇస్తుంది. చిన్న నీలిపూల విష్ణుక్రాంతం ఎండిన నేలలోనూ బతుకుతుంది. గంగపావిలి పప్పులోకి పనికొస్తుంది. గరిక నేల కోతకు గురికాకుండా పట్టి ఉంచుతుంది. పెరట్లో తిరిగే పెంపుడు కుక్కలు అప్పుడప్పుడు గరిక నమలడం మామూలే. కలుపుమందో పురుగుమందో కొట్టిన గరికతోనే ప్రమాదం. కుప్పింట వేరు వాసనకు పిల్లులు ఆకర్షితమవుతాయి కనుక, ఆ మొక్క ఉన్నచోట అవి మట్టి తవ్వుతుంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

తప్పక తీయవలసినవి కొన్ని ఉన్నాయి. పల్లేరు కాయల ముళ్ళు కుక్కల పాదాల్లో గుచ్చుకుంటాయి. ఉత్తరేణి గింజలు బొచ్చుకు అంటుకుంటాయి. వయ్యారిభామ మనుషులకు చర్మంపై దురద, ఉబ్బసం తెస్తుంది. 1950ల్లో పుణె దగ్గర కనిపించిన ఈ మొక్క తరువాత దేశమంతటా వ్యాపించింది. దాన్ని తినే పెంకుపురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో మన దేశంలో వదిలారు. పెరట్లో అయితే పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో సహా పీకడం మేలు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది.

పెంచుకునే మొక్కల్లోనూ విషం ఉంటుంది. వినాయకచవితి పత్రిలో గరికతోపాటు చేరే గన్నేరు, ఉమ్మెత్త రెండూ విషపూరితాలే. గన్నేరు, పచ్చగన్నేరు గుండె లయను దెబ్బతీస్తాయి. ఆముదం గింజను నమిలితే వాంతులు, రక్త విరేచనాలు కావచ్చు. ఆ లక్షణాలు కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు. బొకేల్లో వాడే పెద్ద రేకుల లిల్లీ పుప్పొడి కూడా పిల్లి మూత్రపిండాలను పాడుచేస్తుంది. దండల్లో కట్టే లిల్లీ, అంటే నేలసంపెంగ, వేరే మొక్క.

ఎరువుల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఆముదం పిండిలో గింజలోని విషం మిగిలి ఉండవచ్చు. దాని వాసనకు కుక్కలు వచ్చి తింటాయి. ఎముకల పొడి విషయమూ అంతే. ఇలాంటివి మట్టిలో లోతుగా కలపాలి, మిగిలిన సంచిని గదిలో పెట్టి తాళం వేయాలి. ఉల్లి, వెల్లుల్లి తొక్కలు కుక్కలకు, పిల్లులకు పడవు కనుక కంపోస్టు గుంతకు మూత అవసరం. ఎలుకల మందును కుక్కలు, పిల్లులు తిరిగే చోట పెట్టకూడదు.

ఎండలు ముదిరేకొద్దీ కుక్కలు చల్లదనం కోసం తడి మట్టి తవ్వుతాయి. వాటికి చెమట దాదాపు పాదాల దగ్గరే పడుతుంది, ఒంటి వేడిని ఎక్కువగా ఒగర్చి తగ్గించుకుంటాయి. చెట్టు నీడలో కొంత చోటు, తొట్టెలో నీళ్ళు ఉంచితే మళ్ళ జోలికి రావడం తగ్గుతుంది. పిల్లులు మెత్తని మట్టిని మలవిసర్జనకు వాడుకుంటాయి. వాటికి ఒక మూల ఇసుక పోసి, విత్తిన మళ్ళపై కంప పరవాలి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు. అందుకే గర్భిణులు తొడుగులు లేకుండా ఆ మట్టి ముట్టరాదు. కోళ్ళు పురుగులను ఏరితినడం మంచిదే కానీ లేతనారును గీకేస్తాయి. నారు నిలదొక్కుకునేదాకా దడి కట్టాలి.

జంతువు విషపు మొక్క తిన్నదని అనుమానం వస్తే ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు. కొరికిన కొమ్మ ముక్కో గింజో వెంట తీసుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. సాగు సందేహాలకు ఆమదాలవలసలోనే ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన కృషి విజ్ఞాన కేంద్రం ఉంది.