ఆరోగ్య బీమా సంస్కరణలు: లక్ష్యాలు, లోపాలు

ఆరోగ్య బీమా, ఆరోగ్య సంరక్షణ అనే మాటలను మనం తరచు ఒకే అర్థంలో వాడుతుంటాం. నిజానికి ఇవి రెండూ ఒకటి కావు. ఈ తేడాను గుర్తుంచుకుని ఆయుష్మాన్ భారత్ పథకాన్ని పరిశీలించండి.

లక్ష్యాలు

ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు చేస్తే కుటుంబం అప్పులపాలవుతుంది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2014-15లో దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో 62.6 శాతం ప్రజలు తమ జేబు నుంచి చెల్లించినదే. ఈ భారాన్ని తగ్గించడమే సంస్కరణల ప్రధాన లక్ష్యం.

ఈ దిశలో 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కుటుంబానికి ఏడాదికి రూ. 30,000 వరకే వర్తించేది. 2018లో దాని స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ఈ పరిమితిని రూ. 5 లక్షలకు పెంచింది. కుటుంబ సభ్యుల సంఖ్యపై పరిమితి లేదు. పథకంలో చేరే నాటికే ఉన్న జబ్బులకూ చికిత్స లభిస్తుంది. 2024లో 70 ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఈ సౌకర్యం కల్పించారు.

లోపాలు

మొదటిది, ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగులకే వర్తిస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక వ్యవసాయ కూలీకి మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. ఆమె మందుల దుకాణంలో కొనే మాత్రలకు బీమా డబ్బు రాదు. పనులు దొరకని నెలల్లో ఆమె మాత్రలు మానేస్తుంది. కొన్నేళ్లకు మూత్రపిండాలు దెబ్బతింటే డయాలసిస్ ఖర్చును మాత్రం పథకం భరిస్తుంది. అంటే నివారణకు అందని సాయం, నష్టం జరిగాక అందుతోంది.

రెండవది, కార్డు ఉన్నంత మాత్రాన వైద్యం దగ్గరకు రాదు. పెద్ద ఆసుపత్రులు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నాయి. ప్రయాణ ఖర్చు, తోడు వెళ్లినవారు పోగొట్టుకునే కూలీ కుటుంబంపైనే పడతాయి.

మూడవది, పర్యవేక్షణ లోపం. దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారుల పేర్లు ఒకే మొబైల్ నంబరుతో నమోదైనట్లు కాగ్ 2023 నివేదికలో వెల్లడించింది.

నాలుగవది, పేదల జాబితాలోకి రాని, ఉద్యోగ బీమా లేని చిరు వ్యాపారులు, స్వయం ఉపాధి పొందేవారు మధ్యలో మిగిలిపోయారు. జనాభాలో కనీసం 30 శాతానికి ఎలాంటి ఆరోగ్య బీమా లేదని నీతి ఆయోగ్ 2021లో అంచనా వేసింది.

ముగింపు

2021-22 నాటికి ప్రజల సొంత ఖర్చు వాటా 39.4 శాతానికి తగ్గింది. అయితే ఇదంతా బీమా ఫలితమే అనుకోకూడదు. అదే కాలంలో ప్రభుత్వ వ్యయం వాటా 29 నుంచి 48 శాతానికి పెరిగింది. ఆయుష్మాన్ భారత్‌లో బీమాతో పాటు రెండో భాగం కూడా ఉంది. అది ఉపకేంద్రాలను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను బలోపేతం చేయడం. పైన చెప్పిన కూలీకి ప్రతి నెలా తన ఊళ్లోనే ఉచితంగా మాత్రలు అందితే, ఆమెకు రూ. 5 లక్షల కార్డును వాడవలసిన అవసరం రాకపోవచ్చు. సంస్కరణల విజయాన్ని ఎన్ని కార్డులు పంచారన్న దానితో పాటు, ఎందరు ఆసుపత్రి పాలు కాకుండా ఉన్నారన్న దానితోనూ కొలవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆరోగ్య బీమాకు, ఆరోగ్య సంరక్షణకు గల తేడాను ఉదాహరణతో వివరించండి.
2. మీ ప్రాంతంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మధుమేహానికి మందులు ప్రతి నెలా అందుతున్నాయా? తెలుసుకుని పది వాక్యాల్లో రాయండి.