పులి–మేక ఆటలో మేక ఎలా గెలుత్తాది?

మొన్న మా ఊరి కుర్రోడొకడు అడిగాడు: "బాబాయ్, పులి–మేకలో మేకలేసుకున్నోడు ఓడిపోడమే కదా, ఇంక ఆడ్డం ఎందుకు?" ఆడే కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. పులి తింటాది, మేక తినలేదు. పులి దూకుద్ది, మేక దూకలేదు. చూత్తే లెక్క ముందే తేలిపోయినట్టుంటాది.

తేలిపోలేదు తమ్ముడూ. అదే చెబుదామని ఇది రాత్తన్నా. ఆట వచ్చినోళ్ళకే రాత్తన్నా గాని, ఊరికో పద్ధతి ఉంది కాబట్టి ఏ పటం గురించి చెప్తున్నానో ముందు చెప్పాలి.

పైన ఒక కొన. ఆ కొన నుంచి కిందకి విసనకర్ర పుల్లల్లాగా నాలుగు గీతలు. వాటిని కోసుకుంటా అడ్డంగా నాలుగు గీతలు. అడ్డగీతల్లో పై మూడూ రెండు పక్కలా బయటికి సాగుతాయి, వాటి చివర్లని అటొకటి ఇటొకటి నిలువు గీత కలుపుద్ది. నాలుగోది అడుగుగీత, అది బయటికి సాగదు. గీతలు కలిసే చోట్లు లెక్కెట్టండి: కొన 1, మూడు వరసల్లో ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తం 23.

పులులు 3, మేకలు 15. కొన మీద ఒక పులి, దాని కింది వరసలో మధ్యనున్న రెండు చోట్లా చెరొకటి. మేకలు చేతిలో ఉంటాయి, వంతుకొకటి ఏసుకుంటా రావాలి. పదిహేనూ ఏసేదాకా ఏసిన మేకని కదపకూడదు. పులి గీత ఎంబడి ఒక అడుగు ఏత్తాది, లేదంటే పక్కనున్న మేక మీంచి అదే గీతలో అవతలి ఖాళీలోకి దూకి మేకని తింటాది. మూడు పులులూ కదల్లేకపోతే మేకలు గెలిచినట్టు. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టన్నది ఊరూరికీ తేడా. మా దగ్గర ఐదు.

దీన్ని పులిజూదం అని కూడా అంటారు. పేరుకే జూదం. పాచిక లేదు, పేకముక్క లేదు. ఓడితే నా ఖర్మ అనడానికి వీల్లేదు, నువ్వు సరిగా చూసుకోలేదు, అంతే. తమిళోళ్ళు ఆడుపులి ఆట్టం అంటారు. నేపాల్లో దీని చుట్టం బాఘ్‌చాల్ ఉంది: 25 చోట్లు, 4 పులులు, 20 మేకలు. యూర్గ్ నీవర్గెల్ట్, లిమ్ యూ జిన్ అనే పరిశోధకులు కంప్యూటర్లు పెట్టి దాన్ని శోధించారు. ఇద్దరూ తప్పు చెయ్యకపోతే ఆట సమంగా ఆగిపోద్దని తేల్చారు. మన పటం వేరు, ఆ లెక్క తెచ్చి దీనికి అతికించకూడదు. కాని మేకంటేనే ఓటమి అనే మాట మాత్రం అక్కడ చెల్లలేదు.

ఇప్పుడు మన పటం మీదకి రండి. పులి మేకని తినాలంటే ఒకే గీత మీద మూడు చోట్లు కావాలి: ఇవతల పులి, మధ్యన మేక, అవతల ఖాళీ. అంటే గీత చివర కూచున్న మేకని ఆ గీత మీద ఎవడూ తినలేడు, దానికి అవతల చోటే లేదు. తనమీదుగా పోయే గీతలన్నీ తన దగ్గరే ఆగిపోయే చోట్లు 23లో 7 ఉన్నాయి: కొన, పక్క నిలువు గీతల నాలుగు చివర్లు, అడుగుగీత రెండు చివర్లు. కొన మీద పులి ఉంది. మిగతా 6 చోట్లూ మీ మొదటి 6 మేకలవి.

తరవాత ఆరు: అడుగుగీత మధ్య రెండు, పక్క నిలువు గీతల మధ్య రెండు, మూడో వరసలో రెండు చివర్ల పక్కనున్న రెండు. ఒక్కోదాన్నీ గీత గీతకీ చూడండి. దూకాలంటే అవతలి చోట ముందే మన మేక కూచునుంది. తరవాత మూడో వరస మధ్య రెండు. 14 అయ్యాయి. పదిహేనోది రెండో వరసలో ఎడమ చివరి మేక పక్కన. పులి అడ్డం రాకపోతే పదిహేనూ ఏసినా ఒక్క మేక పోదు.

పులి ఊరుకోదు కదా, వచ్చి మధ్యలో కూచుంటాది. కూచోనియ్యండి. ఒంటరిగా కొన మీదున్న పులిని కట్టెయ్యాలంటే నాలుగు దారులూ, నాలుగు దూకుడు చోట్లూ మూయాలి, 8 మేకలు కావాలి. అదే పులి దిగొచ్చి ఏ మూలో పట్టుకుంటే 4 చాలు. అడుగుగీత మధ్యలోకొస్తే 5. పులేసుకున్నోళ్ళకీ ఇదే పాఠం: మేకకి ఆశపడి ఇరుకులోకి దిగితే అక్కడే ఉండిపోతారు.

అసలు కష్టం మేకలన్నీ ఏసేశాక మొదలవుద్ది. అప్పుడు పటం మీద ఖాళీలు 5. వంతొస్తే కదలాల్సిందే, ఈసారికి వద్దు అనే వీల్లేదు. ముందుకేసిన ప్రతి అడుగూ ఎనకాల ఒక ఖాళీ వదులుద్ది. మూడో వరసలో కుడి చివర నుంచి రెండో మేక ఒక మెట్టు పైకెక్కిందనుకోండి. అది వదిలిన చోటు ఖాళీ. దాని తల మీద అప్పటికే పులి ఉంటే ఆ మేక పోయినట్టే. లేకపోతే పులి అక్కడికి రాడానికి ఒక వంతు పడుద్ది. ఆ తరవాతి వంతులోనే అడుగుగీత మేక పైకొచ్చి ఖాళీ నింపెయ్యాలి. ముందు మేకని కదిపాక ఎనకది ఎతుక్కోకూడదు. ఎనకది ఏదో చూసుకున్నాకే ముందుది కదపాలి.

ఇది నాకు మా పెదమావయ్య చెప్పాడు. కాలవ మీద లస్కరుగా చేసేవోడు. లాకు పక్క సిమెంటు చప్టా మీద బొగ్గుతో గీసి, చింతపిక్కలు మేకలుగా, కొబ్బరిచిప్ప ముక్కలు పులులుగా ఆడేవోళ్ళం. చెప్పినప్పుడు నాకెక్కలేదు. ఎక్కింది తరవాత.

ఊడుపుల కూలి పెంచాలని మా ఊళ్ళో ఆడాళ్ళని కూడగట్టాను ఒక ఏడు. ఒకావిడకి ధైర్యం ఎక్కువ, మాట గట్టిది. రచ్చబండ దగ్గర ఆవిణ్ణి ముందు నిలబెట్టి మాట్లాడించాను. చప్పట్లు కొట్టాం. మర్నాడు పొద్దున్న మిగతావోళ్ళందరికీ పనికి కబురొచ్చింది, అందరూ ఎళ్ళారు. ఆవిడికి రాలేదు. ఆ ఊడుపుల కాలమంతా రాలేదు. నేను ఆవిడింటి ముందు నుంచి ఎళ్ళడం మానేసి చుట్టూ తిరిగి ఎళ్ళేవోణ్ణి.

లాకు దగ్గర మావయ్య ఒక్క మాటే అడిగాడు: "ఏరా అల్లుడూ, ఆ పిల్ల ఎనకాల ఎవర్నెట్టావు?"

నా దగ్గర సమాధానం లేదు. తప్పు పెద్ద రైతులది అని రాసుకోవచ్చు, వాళ్ళది ఉంది కూడా. పులి తింటాదని తెలిసే కదా మనం ఆటకి దిగేది. ఖాళీ వదిలింది మాత్రం నేను.

2011 సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు గుర్తుందా? ఒక్క రైతు చేను బీడు పెడితే అది ఆడింటి నష్టం. మండలాలకి మండలాలు బీడు పెట్టేసరికి దేశమంతా ఇటు చూసింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ ఎయ్యాల్సొచ్చింది. అది వరస కట్టడంలో ఉన్న బలం. మరి ఆ ఏడు ఊడుపులూ కోతలూ లేక ఇంట్లో కూచున్న కూలీ ఎనకాల ఎవరున్నారు? ఆ ప్రశ్న కూడా పటం మీదే ఉంది. రైతు ముందుకెళ్ళాడు, ఎనకాల చోటు ఖాళీగా ఉంది.

డబ్బులెట్టే ఆన్‌లైన్ ఆటల్ని 2020లో మన రాష్ట్రం, 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి ఆపాయి. వాటిల్లో పోగొట్టుకున్న కుర్రోళ్ళు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు. ఆళ్ళకి నీతులు చెప్పను. బుర్రకి పనెట్టే ఆట కావాలంటే మన చప్టాల మీదే ఉంది, పైసా అక్కర్లేదు అంటాను.

ఈ ఆదివారం సుద్దముక్కతో గీయండి. మేకల వైపు మీరు కూచోండి. మొదటి ఆరూ చెప్పిన చోట్ల ఏసి, తరవాత ప్రతి పిక్కా ఏసేముందు మా మావయ్య అడిగిందే మీరూ అడుక్కోండి. మొదటి రోజే గెలుస్తారని చెప్పను. ఏ వంతులో ఖాళీ వదిలారో మాత్రం మీకే తెలుసుద్ది.